అభిప్రాయం మాత్రమే

టైలరమ్మ కౌన్సిల్ మెంబరు కావడానికి కారణం ఒక మందు దుకాణం. బడి వీధి మొదట్లో ఉండేదది. సాయంత్రం బడి వదిలే వేళకి దాని ముందు మగవాళ్లు గుంపుగా నిలబడేవాళ్లు. ఆడపిల్లలు వీధి అవతలి అంచు పట్టుకుని, తల దించుకుని, పరుగులాంటి నడకతో దాటిపోయేవాళ్లు. ఆ వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని మిషను పెట్టుకున్న టైలరమ్మ ఆ తంతు కిటికీలోంచి ఆరేళ్లు చూసింది. ఏడో ఏట ఇక చూడలేకపోయింది. బడికి వంద మీటర్ల లోపు దుకాణం పెట్టాలంటే వార్డు జనం ఒప్పుకోవాలని అప్పటి చట్టం. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరినీ అడగనూ లేదు. ఆవిడ కొలతల టేపు తీసుకుని, మరో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, పట్టపగలు బడి గేటు నుంచి దుకాణం గడప దాకా వంగి కొలిచింది. అరవై రెండు మీటర్లు తేలింది. ఆ అంకె రాసిన కాగితంతో నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగింది. అయిదో నెలలో దుకాణానికి సీలు పడింది.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో వార్డు ఆడవాళ్లు ఆవిడ వద్దంటున్నా వినకుండా నామినేషను వేయించారు. ప్రచారానికి పెద్ద ఆర్భాటం లేదు. "దుకాణం మూయించినావిడ" అంటే చాలు, తలుపులు తెరుచుకునేవి.

ఫలితం వచ్చిన రోజు భర్త డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ ఒక మాట అన్నాడు. ఆయన టౌను బస్సు డ్రైవరు. మాట తక్కువ, ఆ తక్కువలో సగం బస్సు భాషే.

"స్టీరింగు నీ చేతికిచ్చారు, బాగానే ఉంది. బ్రేకులు ఎవరి కాలికింద ఉన్నాయో ముందది కనుక్కో."

ఆవిడ నవ్వేసింది. అప్పుడు నవ్వగలిగింది.

టైలరమ్మకి ఒక్కడే తమ్ముడు. ఊరంతా అతన్ని గోలీ అంటుంది. పన్నెండేళ్లు ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరుగా ఉన్నాడు. అంత పొడుగు మాట పలకడానికి బద్ధకించి జనం గోలీ చేసేశారు. పెనాల్టీలు ఆపడంలో అతనిది పెట్టింది పేరు. బంతిని చూడడు, తన్నేవాడి నడుము చూస్తాడు. "కళ్లు బొంకుతాయి, కాళ్లు బొంకుతాయి, నడుముకి బొంకడం చేతకాదు" అనేవాడు. తర్వాత మోకాలు పోయింది. మోకాలితో జట్టు పోయింది. జట్టుతో పాటు నలుగురిలో పిలుపూ పోయింది. ఆ ఖాళీలోకి సీసా వచ్చి కూర్చుంది. ఎనిమిదేళ్లు తాగాడు. భార్య మూడేళ్లు ఓర్చుకుని పుట్టింటికి వెళ్లిపోయింది, మళ్లీ గడప తొక్కలేదు. ఒక పొద్దున కాలవ గట్టున పడి ఉన్నాడని కబురొస్తే అక్కా బావా వెళ్లి మోసుకొచ్చారు. ఆసుపత్రిలో నలభై రోజులున్నాడు. పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది: "చేతికి పని ఉండాలి. ఖాళీగా మాత్రం కూర్చోబెట్టకండి."

పని దొరికింది. మున్సిపల్ గ్రౌండు చూసుకునే ముసలాయన రిటైరయ్యాడు. ఆ జీతానికి ఇంకెవరూ రాలేదు కాబట్టి గోలీకి సిఫారసు కూడా అక్కర్లేకపోయింది. గ్రౌండులోనే సామాన్ల గది పక్కన రేకుల గదిలో మకాం పెట్టాడు. గడ్డి కోసేవాడు, నీళ్లు పెట్టేవాడు, రోలరు లాగేవాడు, సున్నం పోసి గీతలు గీసేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి బడి ఆడపిల్లల్లో పదిహేను మందిని పోగేసి జట్టు కట్టాడు. ఎవరూ కట్టమనలేదు, దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పొద్దున ఆరింటికి అతని విజిలు వినబడడం మొదలయ్యాక వీధిలో వాళ్లు గడియారం చూసుకోవడం మానేశారు.

మూడేళ్లు చుక్క ముట్టలేదు. ప్రతి ఆదివారం అక్క ఇంట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "ఇంకో వారం గడిచిందక్కా" అనేవాడు. ఆవిడ "ఊఁ" అనేది. అంతకుమించి మాట్లాడితే దిష్టి తగులుతుందని ఇద్దరికీ లోపల భయం.

ఆ ఏడాది కొత్త పాలసీ వచ్చింది.

మందు శాఖ, పందేల శాఖ, క్రీడల శాఖ, స్థానిక సంస్థల శాఖ నాలుగూ కలిసి ఒకే పుస్తకం వేశాయి. అట్ట మీద పరిగెడుతున్న అమ్మాయి బొమ్మ. మున్సిపల్ కమిషనర్ ఆ పుస్తకాన్ని మెంబర్లందరికీ తలా ఒకటి పంచి, టైలరమ్మని మాత్రం తన గదికి పిలిపించాడు. నలగని చొక్కా మనిషి ఆయన. ఎవరినీ కసురుకోడు. ఏ మాట చెప్పినా పెన్ను మూత పెట్టి, టక్కుమనిపించి, అప్పుడు చెబుతాడు.

"అమ్మా, గ్రౌండు గ్యాలరీ కింద భాగం అద్దెకు అడుగుతున్నారు. క్రీడా వినోద కేంద్రమట."

"అంటే ఏంటి సార్?"

"బారు. దానికి ఆనుకుని మ్యాచుల మీద పందేలు కాసే కౌంటరు. టీవీ తెరలు పెడతారు, కుర్చీలు వేస్తారు. పద్ధతిగానే ఉంటుంది."

"బడి పక్క గ్రౌండులో బారా! వంద మీటర్ల చట్టం ఏమైంది?"

"కొత్త పాలసీలో మీటర్లు లేవమ్మా." ఆయన మూత మళ్లీ టక్కుమంది. "ఇప్పుడు వార్డు ఒప్పుకోలు కూడా అక్కర్లేదు. కౌన్సిల్ ముప్పై రోజుల్లో తన అభిప్రాయం చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే."

"వద్దని చెబితే?"

"చెప్పొచ్చు. రాసి పంపుతాం. కాకపోతే అరవై నాలుగో పేజీ ఒకసారి చూడండి."

అరవై నాలుగో పేజీలో అసలు మెలిక ఉంది. గ్రౌండులకి సర్కారు ఇచ్చే సాయం ఆ ఏటితో ఆఖరు. ఇక నుంచి ఏ ఊరి గ్రౌండు ఆ ఊరి మందు, పందేల లైసెన్సుల మీద వచ్చే రుసుములో వాటాతో బతకాలి. లైసెన్సు వద్దన్న ఊరికి వాటా ఉండదు. వాటా లేని గ్రౌండుని వాడుకలో లేని స్థలంగా రాసి వేలం వేయొచ్చు.

ఆ రోజు ఆవిడ ఆ పేజీ మడత పెట్టి ఇంటికి తీసుకెళ్లింది. భర్త కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అంటే ఊరి మగాళ్లు తాగితేనే ఊరి పిల్లలు ఆడతారన్నమాట," అన్నాడు. కళ్లజోడు తీసి, "ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది మన సర్కారు వాళ్లు తవ్వించిందే అయ్యుంటుంది," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ గ్రౌండుకి వెళ్లింది. గోలీ గోలుపోస్టు నెట్టు విప్పి నేల మీద పరిచి, తెగిన చోటల్లా నైలాను తాడుతో ముడులేస్తున్నాడు. సంగతి అతనికి అప్పటికే తెలుసు. ఊరందరికీ తెలుసు.

"నెట్టు ఇంటికి పంపితే నేను కుట్టేదాన్ని కదరా," అంది ఆవిడ, ఎలా మొదలెట్టాలో తెలియక.

"కుట్టు వేరు, ముడి వేరక్కా. ఇది నీ మిషనుకి లొంగదు." అతను తలెత్తలేదు. "నువ్వు అవునను."

"ఏమంటున్నావురా నువ్వు?"

"వేలం వేస్తే ఇక్కడేం లేస్తుంది? అపార్టుమెంటు. అప్పుడు ఈ పిల్లలెక్కడికి పోతారు? నేనెక్కడికి పోతాను? గడ్డి కోయడం తప్ప నాకేం వచ్చు?"

"గోడకి ఇవతల నువ్వు, అవతల బారు. పిల్లిని పాలకుండ పక్కన కాపలా పెట్టినట్టుంటుంది."

ఆ మాట నోరు జారాక ఆవిడ నాలుక కరుచుకుంది. గోలీ మాత్రం నవ్వాడు.

"మూడేళ్లయిందక్కా. పిల్లి ముసలిదైపోయింది. గోడవతల ఏముంటే నాకేంటి? నువ్వు అవునను."

ఆవిడ తమ్ముడి ముఖంలోకి చూసింది. మాట గట్టిగానే ఉంది. వేళ్లు మాత్రం వేసిన ముడినే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాయి. ఆవిడ ఆ వేళ్లను చూసింది, చూసి కూడా మాటనే నమ్మింది. నమ్మకపోతే చేయాల్సిన పనేమిటో ఆవిడకి తెలియలేదు.

మీటింగు రోజు పదకొండు మందీ వచ్చారు. మెంబర్లలో రిటైరైన మాస్టారొకాయన లేచి, బారు వద్దని పది నిమిషాలు మాట్లాడి, నీళ్లు తాగి కూర్చున్నాడు. చేతులెత్తమన్నారు. వద్దని నలుగురు ఎత్తారు. అవునని ఏడుగురు. ఏడో చెయ్యి టైలరమ్మది. బల్లకి అటువైపు నుంచి మాస్టారు ఆ చెయ్యి వంక చూశాడు. కోపంగా కాదు. ఏదో కొత్త జంతువుని చూసినట్టు చూశాడు. ఆవిడ చెయ్యి దించేసరికి భుజం నొప్పి పుట్టింది.

మీటింగు అయ్యాక సంతకాల కోసం ఫైలు వచ్చింది. కుట్టుపని చేసే కళ్లు కావడంతో ఏ కాగితం చూసినా ఆవిడ అంచుల దగ్గర్నుంచి చూస్తుంది. అడుగున ఉన్న కాగితం అంచు వేరే రంగులో ఉంది. లాగి చూస్తే లైసెన్సు ఉత్తర్వు. తేదీ తొమ్మిది రోజుల కిందటిది.

"సార్, ఇది ముందే ఇచ్చేశారా?"

కమిషనర్ తొంగి చూశాడు. తడబడనైనా లేదు. "అవునమ్మా. కౌన్సిల్ అభిప్రాయం కోసం ఆగక్కర్లేదని పన్నెండో పేరాలో ఉంది."

"మరి మమ్మల్నెందుకు పిలిచారు?"

"పిలవాలని పదకొండో పేరాలో ఉంది."

ఆవిడ ఉత్తర్వు మీద తేదీ మళ్లీ చదువుకుంది. నలుగురు కాదు, పదకొండు మందీ వద్దన్నా ఆ బారు వచ్చేదే. గ్రౌండుకి వాటా కూడా వచ్చేదే, ఎందుకంటే లైసెన్సు అప్పటికే ఇచ్చేశారు. తన చెయ్యి లేవనక్కర్లేదు. లేచింది. లేచినట్టు మినిట్స్‌లో పేరుతో సహా ఎక్కింది. మినిట్స్‌లో ఎక్కింది మర్నాటికి ఊళ్లోకి దిగింది.

మూడో రోజు ఒక పాత గిరాకీ మనిషి వచ్చింది. దుకాణం కొలిచిన రోజు టేపు అవతలి కొస పట్టుకున్నది ఆవిడే. మొగుణ్ని మందే తినేసింది. కూతురి గౌనుకని ఇచ్చిన బట్ట ఇంకా కత్తెర పడకుండా అరలో ఉంది.

"ఆ బట్ట ఇచ్చెయ్యి వదినా."

"రేపటికి కుట్టేస్తాను. కొలతలు కూడా తీసుకున్నానుగా."

"వద్దు. ఇచ్చెయ్యి." మడతలు సరిచూసుకుని సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర ఆగింది. "నీకేమైనా ముట్టిందేమోనని అందరూ అంటున్నారు. నేను కాదన్నాను. వదినకేం ముట్టి ఉండదు, తమ్ముడి కోసం చేసి ఉంటుందన్నాను. అది ఇంకా తప్పని వాళ్లన్నారు."

ఆ నెలలో మరో ఆరుగురు అలాగే వచ్చి బట్ట వెనక్కి పట్టుకెళ్లారు.

బారు మూడు నెలల్లో లేచింది. లైసెన్సు ఆసామిని జనం సోడాబుడ్డి అంటారు, కళ్లద్దాలు అంత మందం. మహా మర్యాదస్తుడు. ప్రారంభం రోజు టైలరమ్మకి కుర్చీ తానే లాగి వేసి, "నేను చుక్క ముట్టనమ్మా, పందెం అసలే తెలీదు. ఇది వ్యాపారం మాత్రమే," అన్నాడు. గ్యాలరీ కింద భాగమంతా గాజు గోడ. లోపల ఎనిమిది తెరలు. ఎక్కడెక్కడి దేశాల మ్యాచులో పొద్దస్తమానం వాటి మీద ఆడుతూనే ఉంటాయి. వాటా సొమ్ముతో గ్రౌండుకి కొత్త గడ్డి వచ్చింది, నాలుగు మూలలా లైటు స్తంభాలు వచ్చాయి. పిల్లల జట్టుకి కొత్త చొక్కాలు వచ్చాయి. పిల్లల బట్టల మీద మందు పేరు వేయకూడదని పాలసీలో ఉంది కనుక, అదే పేరుతో అమ్మే మంచినీళ్ల సీసా బొమ్మ వేశారు.

మొదటి రెండు నెలలూ గోలీ గాజు గోడ వైపు చూడకుండా పనిచేశాడు. "చూశావా అక్కా, గడ్డి ఎలా ఉందో! పరుపులా ఉంది," అనేవాడు. తాను చేసిన పనిలో అంతో ఇంతో మంచి ఉందనుకునే ధైర్యం ఆవిడకి అప్పుడే వచ్చింది. ఎక్కువ రోజులు నిలవలేదు.

గోలీని లోపలికి లాగింది మందు కాదు, ఆట. ఒక సాయంత్రం పైపు చుట్టుకుంటూ గాజు గోడ పక్క నుంచి పోతుంటే లోపల తెర మీద పెనాల్టీ కిక్కు. అలవాటు కొద్దీ ఆగాడు. తన్నేవాడి నడుము చూసి తనలో తాను "ఎడమ" అనుకున్నాడు. పైకే అన్నాడో ఏమో, తలుపు దగ్గర నిలబడ్డవాడు విన్నాడు. బంతి ఎడమకే పోయింది. మర్నాడు వాడు మరో ఇద్దరికి చెప్పాడు. ఆ వారంలోనే కిక్కు పడ్డప్పుడల్లా లోపల్నుంచి కేక: "గోలీ! ఎటు?"

ఏళ్లయింది అతన్ని ఎవరైనా అలా పిలిచి. వెళ్లాడు. చెప్పాడు. అయిదుకి నాలుగు నిజమయ్యాయి. గెలిచినవాళ్లు భుజం చరిచి, ముందు గ్లాసు పెడితే, "నాకొద్దు, సోడా చాలు" అన్నాడు. కొన్నాళ్లు సోడాతోనే నడిచింది.

సంగతి టైలరమ్మకి భర్త చెప్పాడు. ఆయన బస్సు రూటు గ్రౌండు ముందు నుంచే. అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "మూడు ట్రిప్పులుగా చూస్తున్నా. మనవాడు గాజు లోపల ఉంటున్నాడు," అన్నాడు.

మర్నాడు నాలుగింటికి ఆవిడ వెళ్లింది. గోలీ తెర ముందు ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. అతని ముఖం వెలిగిపోతోంది. పదిహేనేళ్ల కింద కప్పు గెలిచి భుజాల మీద ఊరేగి వచ్చిన నాటి ముఖం. ఆ ముఖాన్ని చూసి సంతోషించాలో, చెయ్యి పట్టుకుని బరబరా ఈడ్చుకుపోవాలో ఆవిడకి తోచలేదు.

"ఏరా, పద."

"సోడా అక్కా." గ్లాసు ఎత్తి వాసన చూపించాడు. నిజంగా సోడానే. "వీళ్లకి ఆట తెలీదక్కా. నోట్లు పట్టుకుని అడ్డదిడ్డంగా కాస్తారు. నేను చెబుతున్నా, అంతే."

"నువ్వు చెప్పకపోతే ఆట ఆగుతుందా?"

"ఆగదు. కానీ నన్నడుగుతున్నారు కదా."

వాడు అక్కడికి రాకూడదని రూలు లేదు. తలుపు మీద "అందరికీ స్వాగతం" అని ఉంది. తాను చెయ్యెత్తి పెట్టించిన తలుపు అది.

సోడా ఎప్పుడు మానాడో ఎవరికీ సరిగా తెలియదు. ఆదివారాలు భోజనానికి రావడం తగ్గింది. వచ్చినా వారాల మాట ఎత్తడం మానేశాడు. ఒకరోజు పొద్దున్నే జట్టు కెప్టెన్ పిల్ల టైలరమ్మ గదికి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆయాసం తీరకముందే చెప్పింది.

"ఆంటీ, గీతలు వంకరగా ఉన్నాయి. పదింటికి పక్క ఊరి జట్టుతో మ్యాచ్ ఉంది. సార్ లేవడం లేదు."

ఆవిడ వెళ్లి చూసింది. పెనాల్టీ బాక్సు గీత ఒకచోట మొదలై, మెలికలు తిరిగి, మూల దాటి గోలుపోస్టు వెనక్కి పోయి ఆగింది. ఆగిన చోట సున్నం కుప్పగా ఒలికి ఉంది. రేకుల గదిలో గోలీ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వాసన గడప దగ్గరికే కొట్టింది. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, బయటికొచ్చి, పిల్లల్ని పిలిచింది. కొలతల టేపు తెప్పించింది. గోలుపోస్టు నుంచి ఎన్ని అడుగులుండాలో కెప్టెన్ పిల్లకి తెలుసు. ఇద్దరు దారం లాగి పట్టుకుంటే, ఆవిడ చీపురుతో పాత సున్నం చెరిపి, దారం వెంబడి వంగి, గుప్పెడు గుప్పెడు పోసుకుంటూ కొత్త గీత గీసింది. గుడ్డ మీద సుద్దతో గీసినంత తిన్నగా వచ్చింది. నడుము పట్టేసింది. చేతులు సున్నానికి పగిలి వారం దాకా సూది పట్టుకోనివ్వలేదు.

"సార్‌కి జ్వరం," అంది పిల్లలతో.

"అవునాంటీ," అంది కెప్టెన్ పిల్ల. ఆ పిల్లకి పదిహేనేళ్లు. ఏది జ్వరమో ఏది కాదో తెలిసిన ఇంట్లోంచే వచ్చింది.

కప్పిపుచ్చడం ఎన్నాళ్లు సాగుతుంది? పాలసీ పుస్తకంలో "స్వచ్ఛమైన క్రీడ" అని ఒక అధ్యాయం ఉంది. గ్రౌండులో పనిచేసేవాళ్లు మందు తాగి డ్యూటీకి రాకూడదు. ఊది చూసే మిషను క్రీడల శాఖే పంపింది, అదీ లైసెన్సు వాటా సొమ్ముతోనే. దాన్ని పట్టుకుని ఇద్దరు ఉద్యోగులు ఒక పొద్దున గ్రౌండుకి వచ్చారు. గాజు గోడకి ఇరవై అడుగుల దూరంలో గోలీని నిలబెట్టి ఊదమన్నారు. ఊదాడు. మిషను ఎర్రగా వెలిగింది. వాళ్లలో ఒకతను చిన్నప్పుడు గోలీ ఆట చూసినవాడట. "సార్, సాయంత్రం వస్తాం, అప్పుడు ఊదండి," అని గుసగుసగా అన్నాడట. గోలీయే వద్దన్నాడట. "సాయంత్రం ఇంకా ఎర్రగా ఉంటుంది బాబూ," అన్నాడట.

ఫైలు కౌన్సిల్ ఉపసంఘానికి వచ్చింది. టైలరమ్మ దానిలో మెంబరు. ముందు రోజంతా ఏం మాట్లాడాలో మనసులో కుట్టుకుని, విప్పుకుని, మళ్లీ కుట్టుకుంది. కాపలా ఉద్యోగమిచ్చి, పక్కన బారు మనమే తెచ్చి పెట్టి, తాగాడని తీసేయడం ఏ ధర్మం అని అడగాలనుకుంది. కూర్చోబోతుంటే కమిషనర్ పెన్ను మూత టక్కుమంది.

"అమ్మా, దయచేసి మీరు కాసేపు బయట కూర్చోవాలి. స్వంత బంధువుల విషయంలో మెంబర్లు పాల్గొనకూడదు. కొత్త నియమం."

"లైసెన్సుకి చెయ్యెత్తినప్పుడు కూడా వాడు నా తమ్ముడేగా సార్? అప్పుడెవరూ బయట కూర్చోమనలేదే?"

"అది అభిప్రాయం మాత్రమే కదమ్మా. ఇది నిర్ణయం."

ఆవిడ బయట వసారాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా గోడకి పరిగెడుతున్న అమ్మాయి పోస్టరు. లోపల ఎవరో దగ్గారు, కుర్చీ జరిగింది, తలుపు తెరుచుకుంది. నాలుగు నిమిషాలు. మాస్టారు ఒక్కరే బయటికొచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"నేను తీసేయొద్దన్నానమ్మా. రాసుకున్నారు," అన్నారు.

గోలీ రేకుల గది ఖాళీ చేసి అక్క ఇంటికి వచ్చాడు. సామానంతా ఒక సంచిలో పట్టింది. గ్రౌండు పని ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టు మనుషులకి ఇచ్చారు. సాయంత్రాలు లైట్ల కింద కంపెనీల వాళ్లు అద్దెకు తీసుకుని ఆడుకోవడం మొదలైంది. పిల్లల జట్టు ఆ తర్వాత రెండు నెలలు కూడా లేదు. శిక్షణ ఇచ్చేవాడు లేడు, దానికి తోడు గాజు లోపల ఉన్నవాళ్లు ఏ పిల్ల గోలు కొడుతుందని సరదాకి పందేలు కాయడం మొదలెట్టారు. అది తెలిసిన మర్నాడే కెప్టెన్ పిల్ల తండ్రి బిడ్డని మానిపించాడు. ఒకళ్ల వెనక ఒకళ్లు అందరూ మానేశారు. మంచినీళ్ల సీసా బొమ్మ చొక్కాలు రెండు మూడు ఇప్పుడు ఇళ్లల్లో నేల తుడిచే గుడ్డలయ్యాయి.

టైలరమ్మ రాజీనామా రాసి పట్టుకెళ్లింది. కమిషనర్ చదివి, వెనక్కి ఇచ్చాడు.

"మీరు వెళ్లిపోతే ఉపఎన్నిక పెట్టరమ్మా. కొత్త పాలసీలో వార్డులు తగ్గిస్తున్నారు. మీ వార్డుని పక్క వార్డులో కలిపేస్తారు. అప్పుడు మీ వీధికి వద్దనే మనిషి కూడా ఉండదు. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంది. కాగితం తిరిగి తెచ్చుకుంది. బారు తీసేయాలని ఆ ఏడాది రెండుసార్లు తీర్మానం పెట్టింది. లైసెన్సు గడువు పదేళ్లని, అది ముగిసేదాకా ఆ సంగతి ఎజెండాలోకి రాదని రెండుసార్లూ జవాబు వచ్చింది. భర్త ఒక రాత్రి భోజనాల దగ్గర మెల్లగా, "గోలీని ఎక్కడికైనా దూరంగా తీసుకుపోదామా? బదిలీ అడుగుతాను," అన్నాడు. ఏ ఊరని ఇద్దరూ ఆలోచించారు. పాలసీ అన్ని ఊళ్లకీ ఒకటే. బదిలీ అడగలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదున్నరకి ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి గాజు హాలుకి వెళుతుంది. తలుపు దగ్గర యూనిఫారం మనిషి "నమస్తే మేడమ్" అని పక్కకి జరుగుతాడు. గోలీని ఎటు అని అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. తాగిన కళ్లకి నడుములు కనబడడం మానేశాక అతని మాట నమ్మి పోగొట్టుకున్నవాళ్లు ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారు. అతను మూలన, తెరకి వీపు పెట్టి కూర్చుంటాడు. గొడవ చేయడు. అక్కని చూడగానే బడి వదిలిన పిల్లాడిలా లేస్తాడు. ఆవిడ మోచెయ్యి పట్టుకుంటుంది. ఆవిడకి ఇప్పుడు నడుము నొప్పి, కాస్త వంగి నడుస్తుంది. చూసేవాళ్లకి తమ్ముడే అక్కని నడిపిస్తున్నట్టు ఉంటుంది.

నిన్న కూడా అలాగే వస్తున్నారు.

"ఇవాళ మీటింగుందన్నావ్," అన్నాడు గోలీ.

"అయింది."

"ఏం పెట్టారు?"

"బస్టాండు దగ్గర ఇంకో హాలట. దీనికంటే పెద్దది."

"నువ్వేమన్నావ్?"

"వద్దన్నాను."

"మాస్టారో?"

"ఆయన రావడం లేదురా. పోయిన నెల్నుంచి మంచం మీద ఉన్నారు."

రోడ్డు మధ్యలో పైపుల కోసం తవ్విన గుంట ఉంది. దాటడానికి దాని మీద చెక్క పలక వేశారు. పలక మీద అతని కాలు తూలింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే కాసేపు నిలబడి, పలక కదలడం ఆగాక అవతలికి దాటారు.